కుమ్మరికి ఒక ఏడు... మనకు ఎన్ని?

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. కుమ్మరి ఏడాది పొడుగునా చేసిన కుండలు పగలడానికి దుడ్డుకర్ర దెబ్బ ఒక్కటి చాలునని అర్థం. సారె ముందు తొలిసారి కూర్చున్నవాళ్లకు గుదియ దాకా వెళ్లే పనే ఉండదు. అప్పటిదాకా బుద్ధిగా తిరుగుతున్న మట్టి, చిటికెన వేలు పొరపాటున తగిలితే చాలు, పక్కకు ఒరిగి కూలబడుతుంది.

చూడ్డానికి ఎంత తేలికో చేయడానికి అంత మొండి పని ఇది. ఊళ్లో కుమ్మరి చేతిలో చూస్తుండగానే ముంత లేచి నిలబడుతుంది. వారాంతపు క్లాసుకు వెళ్లిన మన చేతిలో అదే మట్టి గంటసేపు ఊగి ఊగి, చివరికి మూకుడో పళ్లెమో తెలియని ఆకారంలో చతికిలబడుతుంది. ‘వాళ్లది చేతి మహిమ, మనకు రాదు’ అని లేచిపోవాలనిపిస్తుంది. మహిమ సంగతి ఎలా ఉన్నా, మట్టి ఎందుకు మాట వినలేదో చెప్పే అంకెలు కొన్ని ఉన్నాయి. స్కేలు, తక్కెడ, గడియారం ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ అంకెల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చెబుతాయి: చక్రానికి ఒక వేగం ఉంది, మట్టికి ఒక వేగం ఉంది. చెయ్యి వాటికంటే తొందరపడిన ప్రతిచోటా కుండ చెడుతుంది.

500 గ్రాములు

మొదటి ముద్దకు అర కిలో మట్టి తీసుకోండి. తడిమట్టి ఘన సెంటీమీటరుకు సుమారు 2 గ్రాములు తూగుతుంది. అంటే అర కిలో 250 ఘన సెంటీమీటర్లు, ఓ మోస్తరు బత్తాయి పండంత. అంతకంటే బాగా చిన్నదైతే వేళ్లు దూర్చడానికి చోటు చాలదు. రెండు కిలోలు తీసుకుంటే దాన్ని అదుపులో పెట్టడం కొత్త చేతుల వల్ల కాదు.

ఆ అర కిలోలో 100 నుంచి 125 గ్రాముల దాకా నీళ్లే. బంకమట్టి రేణువులు రెండు మైక్రాన్ల కంటే చిన్నవి. ఒక్క మిల్లీమీటరు పొడవున వరసగా పేర్చితే 500కు పైగా పడతాయి. పైగా అవి ఇసుక రేణువుల్లా ఉండవు, పలచటి పలకల్లా ఉంటాయి. పలకల మధ్య నీటి పొర ఉంటే ఒకదాని మీద ఒకటి జారతాయి, కానీ విడిపోవు. నొక్కితే వంగి, వదిలేస్తే ఆ వంపులోనే నిలిచే గుణం బంకమట్టికి అలా వచ్చింది. నీరు తగ్గితే అంచులు పగులుతాయి, పెరిగితే జావ అవుతుంది.

అందుకే సారె ఎక్కించే ముందే ముద్ద అంతటా తడి ఒకేలా ఉండాలి. ఊళ్లలో మట్టిని నానబెట్టి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కుతారు. స్టూడియోల్లో బల్ల మీద అరచేతులతో పిసుకుతారు. చపాతీ పిండి కలిపిన చేతులకు ఇది కొంత తెలిసిన పనే. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. పిండిని మడిచినట్టు మట్టిని మడవకూడదు, మడతలో గాలి చిక్కుతుంది. ముందుకు తోసి, కొద్దిగా తిప్పి, మళ్లీ తోయాలి. ఇలా 50 నుంచి 100 సార్లు చేశాక ముద్దను తీగతో రెండుగా కోసి చూడండి. లోపల బుడగలు, గట్టి ఉండలు కనిపించకపోతే చాలు. మట్టి పిసకడానికి మూడేళ్లు, సారెకు పదేళ్లు అని జపాన్ కుమ్మరుల్లో ఒక నానుడి ఉంది. మొత్తం 13 ఏళ్లలో దాదాపు పావు వంతు చక్రం ముట్టకుండానే గడవాలన్నమాట!

2 మిల్లీమీటర్లు

ముద్దను తిరిగే పళ్లెం మధ్యలో గట్టిగా కొట్టి, నీళ్లు రాసి, నిమిషానికి 150 నుంచి 200 చుట్ల వేగంతో తిప్పుతూ, అది ఊగకుండా నిలిచేదాకా అణచాలి. స్టూడియోల్లో దీన్నే సెంటరింగ్ అంటారు. కొత్తవాళ్లలో చాలామంది ‘కొంచెం ఊగుతోంది, పర్లేదులే’ అని ఇక్కడే సరిపెట్టుకుంటారు.

ఆ కొంచెం ఎంతో చూద్దాం. ముద్ద నడిబొడ్డు చక్రం నడిబొడ్డుకు 2 మిల్లీమీటర్లు పక్కకు ఉందనుకోండి. బొటనవేలితో చేసే గుంత మాత్రం చక్రం నడిబొడ్డులోనే పడుతుంది. గోడ 6 మిల్లీమీటర్ల మందం రావాలని మీరు లాగితే ఒక పక్క 8, ఎదుటి పక్క 4 మిల్లీమీటర్లు వస్తుంది. ఒకవైపు గోడ రెండో వైపుకు రెట్టింపు! పలచటి వైపు తొందరగా పైకి లేస్తుంది, తొందరగా నీరసిస్తుంది. కుండ ఎటు ఒరగబోతోందో ఆ 2 మిల్లీమీటర్లే ముందుగా నిర్ణయించేశాయి.

ఊగే ముద్దను సరిచేయాలని చేతులు దాని వెంట పరుగెత్తడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు. నిమిషానికి 200 చుట్లంటే ఒక చుట్టుకు 0.3 సెకను. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. ఉబ్బెత్తు భాగం కనిపించి, మీరు నొక్కేలోగా అది దాదాపు ఒక చుట్టు తిరిగేసి ఉంటుంది. మీరు నొక్కేది ఇంకో చోట. అందుకని వెంటపడటం మానేయాలి. మోచేతుల్ని తొడలకు ఆనించి, అరచేతుల్ని రాతిగోడలా కదలకుండా నిలపాలి. చక్రమే ప్రతి చుట్టులోనూ ఉబ్బెత్తును తెచ్చి మీ చేతికి రుద్దుతుంది, చేయి కదలకపోతే ముద్దే సర్దుకుంటుంది. చేతిని తీసేటప్పుడు కూడా గబుక్కున తీయకూడదు. చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేంతసేపు ఒత్తిడిని మెల్లగా సడలించాలి. లేకపోతే అప్పటిదాకా చేసిందంతా ఆ ఒక్క క్షణంలో పోతుంది.

0.6 సెకను

ముద్ద నిలిచాక బొటనవేళ్లతో గుంత చేస్తాం. అడుగున 8 మిల్లీమీటర్ల మట్టి మిగలాలి. సూది గుచ్చి లోతు చూసుకోవచ్చు. ఆ తర్వాతది గోడను పైకి లాగడం. లోపల ఒక చేతి వేళ్లు, బయట మరో చేతి వేళ్లు, మధ్యలో మట్టి.

ఇప్పుడు చక్రాన్ని నిమిషానికి 100 చుట్లకు తగ్గించామనుకుందాం. ఒక చుట్టుకు 0.6 సెకను. వేలికొస మట్టిని తాకే వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేలోగా వేళ్లు ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ పైకి పోకూడదు. 15 సెంటీమీటర్ల గోడకు 15 చుట్లు, అంటే 9 సెకన్లు. తొందరపడి 3 సెకన్లలో లాగేస్తే చక్రం తిరిగేది 5 చుట్లే. చుట్టుకు 3 సెంటీమీటర్ల చొప్పున వేళ్లు ఎగబాకుతాయి. ఒక సెంటీమీటరు నొక్కుడుపడుతుంది, రెండు సెంటీమీటర్లు నొక్కకుండా మిగిలిపోతుంది. గోడ మీద స్క్రూ మరలాంటి మెట్లు వచ్చాయంటే కారణం ఇదే. మట్టిలో లోపమేమీ లేదు, గడియారంలో ఉంది.

‘తొమ్మిది సెకన్లే కదా’ అనిపిస్తుంది. ఒకసారి గోడ గడియారం చూస్తూ, వేలిని గాలిలో 15 సెంటీమీటర్లు ఒకే వేగంతో 9 సెకన్లలో లేపి చూడండి. మనకు ఎంత ఓపిక తక్కువో తెలుస్తుంది.

9 లేక 16 సెంటీమీటర్లు

అదే అర కిలో మట్టితో 8 సెంటీమీటర్ల వెడల్పున నిటారు గ్లాసు చేద్దాం. 250 ఘన సెంటీమీటర్లలో 40 అడుగుకు పోతుంది. మిగిలిన 210 గోడకు. గోడ మందం 12 మిల్లీమీటర్లు ఉంటే గ్లాసు ఎత్తు 9 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గోడను 6 మిల్లీమీటర్లకు పలచబరచగలిగితే అదే మట్టి 16 సెంటీమీటర్లు లేస్తుంది. ఎత్తు రావడం లేదని కొత్తవాళ్లు ఇంకో గుప్పెడు మట్టి కలుపుతుంటారు. వాళ్లకు కావలసిన మట్టి ముందే అక్కడ ఉంది, గోడ అడుగున దాక్కుని ఉంది.

దాన్ని కళ్లారా చూడటానికి ఒక మార్గం ఉంది. పూర్తయిన గ్లాసును తీగతో పైనుంచి కిందికి నిట్టనిలువునా రెండుగా కోసెయ్యడమే. మనసొప్పదు, నిజమే. కానీ బయటి నుంచి నున్నగా కనిపించే గ్లాసు లోపల గోడ అడుగున 15 మిల్లీమీటర్లు, అంచు దగ్గర 4 మిల్లీమీటర్లు ఉండటం ఒక్కసారి చూస్తే, తర్వాతి లాగుడులో వేళ్లు ఎక్కడ గట్టిగా పట్టాలో వాటికే తెలుస్తుంది. తొలి 50 గ్లాసుల్లో ఒక్కటి కూడా దాచుకోకుండా కోసినవాళ్లు తొందరగా నేర్చుకుంటారు.

నాలుగు రెట్లు

తిరిగే మట్టిని భూమి కిందికి లాగుతుంటే, తిరుగుడు బయటికి నెడుతుంది. వెడల్పు రెట్టింపైతే ఆ నెట్టుడు రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు గిన్నె అంచు దగ్గర నిమిషానికి 60 చుట్లకు ఈ నెట్టుడు మట్టి బరువులో 0.4 వంతు. 100 చుట్లకు బరువును దాటి 1.1 రెట్లు. 200 చుట్లకు దాదాపు నాలుగున్నర రెట్లు. గిన్నె చేయబోతే పళ్లెం అయిందంటే చాలాసార్లు కారణం చెయ్యి కాదు, పెడల్ మీద మరిచిపోయిన కాలు. సెంటరింగ్‌కు 150 నుంచి 200 చుట్లు, గోడ లాగడానికి 80 నుంచి 120, అంచు దిద్దడానికి 50 నుంచి 70 అనుకుంటే మొదట్లో సరిపోతుంది.

మన ఊళ్ల సారె ఈ లెక్కను దానంతటదే పాటిస్తుంది. బరువైన చక్రాన్ని కర్రతో గిరగిరా తిప్పి వదిలితే, తన బరువు ఊపుతో తానే తిరుగుతూ క్రమంగా నెమ్మదిస్తుంది. ముద్దను నిలపాల్సిన మొదటి క్షణాల్లో వేగం ఎక్కువ, అంచు దిద్దే చివరి క్షణాల్లో తక్కువ. పని వరస, వేగం వరస ఒకటే. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ్ మిషన్ మొదలుపెట్టి కుమ్మరులకు విద్యుత్ సారెలు ఇస్తోంది. వాటితో కర్ర తిప్పే శ్రమ, నడుం నొప్పి తగ్గాయి. కానీ మోటారు తనంతట తాను నెమ్మదించదు. ఆ బాధ్యత కాలికి వచ్చింది.

ఇంకో మాట. ఊళ్లో కనిపించే పెద్ద కడవను కొలబద్దగా పెట్టుకుని బెంగపడొద్దు. అంత పలచగా, అంత గుండ్రంగా దాన్ని సారె మీదే లాగరు. మెడ, భుజం చక్రం మీద దళసరిగా తీసి, కొంత ఆరాక లోపల గుండ్రటి దాపు పట్టుకుని, బయటి నుంచి చెక్కతో తట్టి తట్టి గోడను పలచబరుస్తారు, అడుగును మూస్తారు. కడవ సగం సారెది, సగం చెక్క దెబ్బలది.

12 శాతం

తడి ఆరుతూ, ఆపైన కాలుతూ మట్టి కుంచించుకుపోతుంది. ఎంతన్నది మట్టిని బట్టి ఉంటుంది. స్టూడియోల్లో వాడే స్టోన్‌వేర్ మట్టి పొడవులో 12 శాతం దాకా తగ్గడం మామూలే. 12 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి. 0.88ని మూడుసార్లు గుణిస్తే 0.68. పరిమాణంలో 32 శాతం పోయినట్టే. 300 మిల్లీలీటర్లు పట్టేలా తడిగా చేసిన కప్పు కాలి వచ్చేసరికి 204 మిల్లీలీటర్లే పడుతుంది. కాలాక 300 పట్టాలంటే తడిగా 440 పట్టేలా చేయాలి.

మీ మట్టి లెక్క మీరే తేల్చుకోవచ్చు. చిన్న మట్టి పట్టీ మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరబెట్టి, కాల్చి, మళ్లీ కొలవండి. 8.8 వస్తే 12 శాతం, 9.2 వస్తే 8 శాతం.

ఈ కుంచించుకోవడం అంతటా ఒకేసారి జరిగితే గొడవ లేదు. అంచు గాలికి ముందు ఆరుతుంది, అడుగు తడిగానే ఉంటుంది. ముందు ఆరింది ముందు బిగుసుకుంటుంది, పగులు పుడుతుంది. అందుకే ప్లాస్టిక్ కవర్ కప్పి మెల్లగా ఆరనివ్వాలి. వేలితో నొక్కితే సొట్టపడని, గోరుతో గీస్తే గీత పడే దశ వచ్చాక బోర్లించి అడుగు చెక్కాలి. లెదర్ హార్డ్ అనేది ఆ దశనే. పూర్తిగా ఆరడానికి వారం అనుకోండి. రోహిణి కార్తె ఎండలో తొందరగా, శ్రావణం ముసురులో ఇంకా ఆలస్యంగా.

1,600 రెట్లు

నీరు ఆవిరైతే పరిమాణం దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. గోడలో చిక్కిన ఒక్క చుక్క, అంటే 0.05 మిల్లీలీటరు, 80 మిల్లీలీటర్ల ఆవిరి అవుతుంది. కొలిమిలో కుండ పేలితే గాలి బుడగ మీద నేరం వేస్తారు కానీ అసలు దోషి తడి. ఆరిన పాత్రను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల నీరు ఇంకా ఉన్నట్టే.

100 డిగ్రీలు దాటాక ఇంకో నీరు మిగిలే ఉంటుంది. మట్టి అణువుల్లోనే కలిసిపోయిన నీరు అది. శుద్ధమైన చైనా మట్టి బరువులో ఇది సుమారు 14 శాతం. 450 నుంచి 600 డిగ్రీల మధ్య అదీ వెళ్లిపోతుంది. ఆ గీత దాటిన మట్టి మళ్లీ ఎన్ని నీళ్లు పోసినా బంకమట్టి కాదు. ఈ మధ్యలోనే 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటికాలు ఒక్కసారిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అక్కడే కుంచించుకుంటాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కొలిమి ఇక్కడ నెమ్మదిగా నడవాలి.

ఎర్రమట్టి పాత్రలు 900 నుంచి 1,050 డిగ్రీల మధ్య గట్టిపడతాయి కానీ సన్నటి రంధ్రాలు మిగులుతాయి. కూజా నీళ్లు చల్లబడేది ఆ రంధ్రాల వల్లే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 క్యాలరీల వేడి కావాలి. 5 లీటర్ల కుండ గోడ నుంచి 50 మిల్లీలీటర్లు ఆవిరైతే, బయటి వేడి లోపలికి రానంతవరకు, మిగతా నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది. స్టోన్‌వేర్‌ను 1,200 నుంచి 1,300 డిగ్రీల దాకా కాలుస్తారు. రంధ్రాలు దాదాపు మూసుకుపోతాయి. కాఫీ కప్పుకు అది మేలు, మంచినీళ్ల కుండకు పనికిరాదు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మన దేశంలో స్టూడియో స్టోన్‌వేర్‌కు పెద్ద బడి అయింది.

సున్నా

ఈ లెక్కలన్నిటిలో కొత్తవాళ్లకు ధైర్యం ఇచ్చే అంకె ఇది. కాల్చకముందు పాడైన కుండ ఖరీదు సున్నా. కూలిన గ్లాసు, కోసిన ముక్కలు, చెక్కిన తుక్కు అన్నీ బకెట్‌లో వేసి, పూర్తిగా ఎండనిచ్చి, నీళ్లు పోస్తే మళ్లీ కరిగి మెత్తబడతాయి. నీరు తీసేసి పిసికితే అదే మట్టి. చెడిన చొక్కా గుడ్డ మళ్లీ నూలు కాదు, మాడిన కూర మళ్లీ వంకాయ కాదు. మట్టి మాత్రం ఎన్నిసార్లయినా మొదటికి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. నేల మీద ఎండిన మట్టిని పొడిగా ఊడ్చకూడదు. ఆ ధూళిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. తడిగుడ్డతో తుడవాలి.

312 ముద్దలు

వారానికి ఒక క్లాసు, క్లాసుకు రెండు గంటలు, గంటకు మూడు ముద్దలు అనుకుందాం. వారానికి 6, ఏడాదికి 312. ఒక్క వారమూ మానకపోతేనే సుమా. సెంటరింగ్ చేతికి అలవాటు పడేది, గోడ ఒక్కలా లేచేది ఈ 312 లోపల ఎక్కడో ఒకచోట. ఎక్కడన్నది మనిషిని బట్టి.

ఇప్పుడు దీపావళి ముందు ఓ కుమ్మరి వాకిట్లోకి వెళ్దాం. సారె మీద ఒకటే పెద్ద ముద్ద. దాని కొసన ఒక ప్రమిద తీసి, దారంతో కోసి పక్కన పెట్టి, మిగిలిన కొసన ఇంకోటి, ఆపైన మరోటి. ఒక్క రోజులో వందల ప్రమిదలు. మన ఏడాది మొత్తం, 312, ఆ వాకిట్లో దీపాలకు ముందటి ఒక్క రోజు పని. చేతి మహిమ అని మనం అనుకున్నది ఆ అంకెల మధ్య తేడాయే. కుమ్మరికి ఒక ఏడు అన్న సామెతలోని ఏడును మన లెక్కలో కొలిస్తే, ఒక్క జీవితం చాలదు.

అందుకని కుమ్మరితో పోల్చుకోకుండా, మీతో మీరే పోల్చుకోవడం మంచిది. నిలువునా కోసిన మొదటి గ్లాసు సగాన్ని పారేయకుండా ఆరబెట్టి, తేదీ గీసి, అటక మీద పెట్టండి. వందో గ్లాసు సగాన్ని దాని పక్కన నిలబెట్టి, రెండింటి గోడలకూ అడుగున, నడుమ, అంచున స్కేలు పెట్టండి. మొదటిదానికి మూడు చోట్ల మూడు అంకెలు వస్తాయి. వందోదానికి మూడు చోట్లా ఒకే అంకె వచ్చిన రోజున, మీ చెయ్యి చక్రంతో సమానంగా నడవడం నేర్చుకున్నట్టు లెక్క.